అరుగు మీద నీళ్లు

వసంతకుమార్ స్టీలు సీసా పోయింది సరిగ్గా చదువు పరీక్ష జరిగిన రోజునే.

సీసా అంటే పెద్ద విలువైనదేమీ కాదు. లీటరు నీళ్లు పట్టేది. మూతకు ఎర్ర రబ్బరు, అడుగున ఎంత తోమినా వదలని నాపరాళ్ల దుమ్ము గీత. పాలిష్ ఫ్యాక్టరీలో మేలు రాళ్లు ఏరే పనికి పోయేటప్పుడు వసంతకుమార్ దాన్ని రోజూ భుజానికి తగిలించుకుని పోయేవాడు. పోయిన వేసవిలో లారీకి ఎక్కించాల్సిన రాళ్ల వరస ఒరిగింది. సాయంత్రానికి సీసా ఒక్కటే ఇంటికి వచ్చింది. బడులు తెరిచినప్పటినుంచి దాన్ని అతని భార్య రెజీనా టీచరు బడికి తెచ్చుకుంటోంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆమెది మైదుకూరు వైపు. పెళ్లయ్యాక బేతంచెర్ల పక్కనున్న ఈ ఊరికి వచ్చి, ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతోంది. బడి వెనక గోడ ఒకచోట కూలి ఉంటుంది. అందులోంచి దూరితే ఫ్యాక్టరీ వాళ్ల రాళ్ల దొడ్డి. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన నాపరాళ్ల వరసలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు. వద్దంటే వినకుండా బడి పిల్లలంతా సాయంత్రమైతే అక్కడే ఉంటారు. ఆ దారిన పోతే టీచరుకు ఇల్లు దగ్గర. అయినా వేసవి తర్వాత ఆమె అటు అడుగు పెట్టలేదు. రోడ్డు చుట్టి పోయేది.

చదువు పరీక్ష అంటే చదివి అర్థం చేసుకునే పరీక్ష. రాష్ట్రమంతా ఒకే రోజు, ఒకే పేపరు. ఒక కథో, ఒక వార్తో ఇస్తారు. కింద ప్రశ్నలు. ప్రశ్నకు నాలుగు జవాబులు ఇచ్చి, నచ్చినదాని గుండ్రాన్ని నల్లగా దిద్దమంటారు. ఎనిమిదో తరగతి పిల్లల్లో బాగా చేసినవాళ్లకు గురుకులంలో సీటు. ఈ బడిలో సీటు వస్తే మహిమకే వస్తుందని ఊళ్లో అందరి లెక్క. మహిమ వాళ్లమ్మ విశ్వాసమ్మ ఆ ఫ్యాక్టరీలోనే రాళ్లు మోస్తుంది. కూతురికి సీటు వస్తే చాలని చర్చిలో పేరు పెట్టి మరీ ప్రార్థన చేయిస్తోంది.

పరీక్ష చూడ్డానికి వేరే మండలం నుంచి ఉమామహేశ్వర సారు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కానీ అనుమానించడమే తన ఉద్యోగమని నమ్మిన మనిషి.

"మీ పిల్లలు మంచోళ్లేనా మేడం?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"పిల్లలే సార్," అంది రెజీనా టీచరు.

పరీక్ష సగంలో ఉండగా సారుకు ఫోనొచ్చి వరండాలోకి పోయాడు. అప్పుడే వెనక బెంచీలో అరుణ్ కుమార్ దగ్గు అందుకున్నాడు. ఆ ఊరి పిల్లలకు రాతిదుమ్ము దగ్గు మామూలే, కానీ ఆగలేదు. టీచరు బల్ల మీది సీసా తీసి, ముందు బెంచీలో ఉన్న మహిమ ముందు పెట్టి, ఇచ్చి రమ్మన్నట్టు తల ఊపింది. మహిమ వరసల మధ్యనుంచి వెనకదాకా నడిచి, వాడు ఎత్తిపోసుకుని తాగేదాకా నిలబడి, సీసా తెచ్చి బల్ల మీద పెట్టి కూర్చుంది. అంతే. సారు వచ్చేసరికి గది ఎప్పటిలాగే ఉంది.

గంట కొట్టాక జవాబు కాగితాలన్నీ ఏరుకుని ఇద్దరూ ఆఫీసు గదికి పోయారు. లెక్క చూడడం, సంతకాలు, మళ్లీ లెక్క. గదికి తాళం వేద్దామని టీచరు తిరిగి వచ్చేసరికి బల్ల మీద సీసా లేదు.

కుళాయి దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. మాటలు వినిపిస్తున్నాయి.

"ఏడుకు నువ్వేం పెట్టినావ్‌బ్బీ?"

"రెండు."

"రెండా? అది ఒకటి గదరా, బుడ్డోడా."

"సరే, తొమ్మిది?"

"తొమ్మిదికి అడిగేది కూడా ఉండాదా? అందరిదీ మూడే. ఈ హేమావతి ఒకతి తప్ప."

టీచరు నీడ పడగానే మాట తెగిపోయింది.

"నా సీసా ఎవరైనా చూశారా?"

అందరి కళ్లూ మహిమ వైపు పోయి, పోయినంత వేగంగా వెనక్కి వచ్చాయి. మహిమ కుళాయి కింద కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తలేదు. తలంతా వంచి కడుక్కునేంత మట్టి ఆ కాళ్లకు లేదు.

"ల్యా టీచర్," అన్నాడు అరుణ్ కుమార్ చివరికి. "మేము సూల్లేదు."

అబద్ధమని టీచరుకు తెలిసింది. ఇన్నేళ్ల బడిలో ఎన్ని అబద్ధాలు వినలేదు? కానీ ఇందరు కలిసి ఒకే అబద్ధం ఆడడం ఎప్పుడూ చూడలేదు. దొంగతనం కన్నా ఆ కట్టే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అటెండరు వచ్చి, "సారు పిలుస్తాండాడు టీచర్" అన్నాడు.

ఆఫీసు గదిలో ఉమామహేశ్వర సారు జవాబు కాగితాలు బల్ల మీద ఒకదాని కింద ఒకటి మెట్లుగా పరిచి పెట్టాడు.

"ఇట్లా చూడండి మేడం. ఎనిమిదో ప్రశ్న. తలా ఒక చోట దిద్దినారు. పదో ప్రశ్న, అదీ అంతే. ఇప్పుడు తొమ్మిది చూడండి."

తొమ్మిదో ప్రశ్న దగ్గర నల్ల చుక్కలు పైనుంచి కిందికి చీమల బారులాగా ఒకే చోట ఉన్నాయి. అన్నీ మూడో జవాబే.

"సరైన జవాబైతే నేను నోరెత్తను. బాగా చెప్పినారు మీరు అని పోతా. ఇది తప్పు జవాబు. ఒప్పులో అందరూ కలుస్తారు మేడం, తప్పులో కలవరు." ఒక కాగితం మీద వేలు పెట్టాడు. "కలవనిది ఈ ఒక్క పిల్లే. ఎవరీ హేమావతి?"

"ఈ సంవత్సరమే చేరింది సార్. మగ్గాలవాళ్లు. ఎమ్మిగనూరు నుంచి వచ్చారు."

"అదీ సంగతి. కొత్తది. అందుకే ఆమె దాకా పోలేదు."

ప్రశ్న చూడొచ్చా అని టీచరు అడిగింది. ఆయన పేపరు ఇచ్చాడు. చిన్న కథ అది. మిట్టమధ్యాహ్నం, కాలు పెట్టలేని ఎండ. నడిచి నడిచి ఒక బాటసారి ఒక ముసలమ్మ ఇంటి ముందుకు వస్తాడు. ఇంటి ముందు రాతి అరుగు. ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పోస్తుంది. నీళ్లు ఆరేదాకా దాన్నే చూస్తూ నిలబడుతుంది. తర్వాత "ఇప్పుడు కూర్చో నాయనా" అంటుంది. ముసలమ్మ అరుగు మీద నీళ్లు ఎందుకు పోసింది? దుమ్ము పోవడానికి, కాలుతున్న రాయి చల్లబడడానికి, రాయి పగిలి ఉందేమో చూడడానికి, బాటసారి కాళ్లు కడగడానికి.

ఇందులో తికమక ఏముంది? ఎండ అని మొదటి వాక్యంలోనే ఉంది. చదవడం రాని పిల్ల తప్పు పెట్టిందంటే సరే. మహిమ పెట్టింది. వాక్యం వెనక వాక్యం పట్టుకుని చదివే మహిమ, రాయి పగిలిందేమో చూడడానికి అని దిద్దింది. తెలిసిన పిల్ల ఇంత తెలియని తప్పు ఎందుకు చేస్తుంది? ఒకరు చెప్పగా అందరూ కలిసి దిద్దిన పని అయితే తప్ప?

"మధ్యలో ఎవరైనా లేచినారా మేడం?" అన్నాడు సారు. "నేను ఫోనుకు పోయినా. అది నా పొరపాటే, రాసుకుంటా. నేను లేనప్పుడు ఎవరైనా లేచినారా?"

రెజీనా టీచరు మాట తూచి మాట్లాడే మనిషి. పిల్లలకు కూడా అదే చెబుతుంది. ఆ క్షణాన ఆమె కళ్ల ముందు ఖాళీ బల్ల ఉంది, కుళాయి కింద వంచిన తల ఉంది.

"మహిమ లేచింది," అంది.

"ఎందుకు?"

"నీళ్లకు."

రెండు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఎవరు లేపారని ఆయన అడగలేదు. ఎవరి దగ్గు కోసమని అడగలేదు. ఆమె చెప్పలేదు. సారు పెన్ను తీసి రాసుకున్నాడు, కాగితాలు సంచిలో పెట్టి సీలు వేసుకుని, మోటారు సైకిలెక్కి పోయాడు.

మర్నాడు తరగతిలో ఆమె పాఠం కన్నా మొహాలే ఎక్కువ చదివింది. అరుణ్ కుమార్ జేబు ఉబ్బెత్తుగా ఉంది, అందులో ఏముంది? మహిమ కుడిచేతి బొటనవేలికి గుడ్డ పీలిక కట్టి ఉంది, ఎందుకు? పలకరిస్తే అందరూ మామూలుగానే పలికారు. పలకడం మరీ మామూలుగా ఉంది, ముందే అనుకుని పలికినట్టు. బోర్డు వైపు తిరిగినప్పుడు వెనక గుసగుస.

"ఏమ్మే మగ్గం, నోరు కట్టుకోని ఉండు. సెప్పినావో, సూడు మళ్ల."

"నేనేం సెప్పల్యా."

మధ్యాహ్నం అన్నాల దగ్గర హేమావతి అందరికీ దూరంగా, మెట్టు చివర కూర్చుని తింటోంది. టీచరు పోయి పక్కన కూర్చుంది. పిల్ల పళ్లెం కొంచెం పక్కకు జరుపుకుంది.

"వాళ్లతో కూర్చోలేదేం?"

"రానియ్యరు టీచర్."

"ఎందుకు?"

హేమావతి అన్నంలో వేలు పెట్టి గీతలు గీసింది. "తొమ్మిదికి నేను సల్లబడేకి అని పెట్టినా. ఆళ్లంతా వేరేది పెట్టినారు. జవాబులు సూసుకునేటప్పుడు అందరూ నగినారు. రాతి మీద నీళ్లు పోసేది యాలనో కూడా తెల్దా, మీ ఇంట్లో రాయి లేదా అని."

"నువ్వేమన్నావు?"

"మా ఇంట్లో మగ్గం గుంత ఉండాది, దాంట్లో నీళ్లు పోస్తే మా నాయన తంతాడు అంటి."

టీచరుకు నవ్వు రాబోయింది. చాలా రోజులకు. ఆపుకుంది.

"తర్వాత?"

"నీకు ఇట్ల సెప్తే అర్థం కాదు, సూపిస్తాం రా అని దొడ్డికి పిల్చుకపోయినారు."

"దేనితో చూపించారు?"

హేమావతి నమలడం ఆపేసింది. టీచరు మళ్లీ అడగలేదు. సీసా ఎక్కడుందో తెలిసిపోయింది.

బడి వదిలాక రెజీనా టీచరు రోడ్డు వైపు పోలేదు. కూలిన గోడ దగ్గర కొంచెంసేపు నిలబడింది. తర్వాత చీరకుచ్చెళ్లు పట్టుకుని దూరింది. ఎండకు రాళ్ల వరసలు సెగలు కక్కుతున్నాయి. ఏ వరస ఒరిగిందో ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరూ చూపించలేదు. ఇప్పుడు ఏ వరస చూసినా అదేనేమో అనిపించింది. నేల చూస్తూ నడిచింది. ఎక్కడో ముందు టక్ టక్ మని చప్పుడు, మెల్లగా.

"మెల్లగ కొట్రా. సొట్ట పోయేది అట్లుండనీ, బొక్క పడ్తాది."

"నువ్వు అదరకుండ పట్టుకో ముందు. నిన్న ఏలు కొట్టించుకున్నెది సాల్లేదా?"

"వసంతకుమార్ సారు ఉంటే ఒక దెబ్బకు తీస్తుండె."

"సారు ఉంటే సొట్టే పడదు, నోరు ముయ్."

మహిమ రాతి మీద కూర్చుని మోకాళ్ల మధ్య సీసా ఇరికించుకుంది. అరుణ్ కుమార్ చిన్న కొయ్య సుత్తి పట్టుకున్నాడు, పొద్దున జేబులో ఉబ్బెత్తుగా ఉన్నది అదే. చుట్టూ మిగతావాళ్లు. టీచరును మొదట చూసినవాడు లేచాడు. అందరూ లేచారు. సీసా నడుము మీద అరచేయంత సొట్ట.

"కింద పడె టీచర్," అంది మహిమ. "నా సేతిలోనించే."

"ల్యా టీచర్, నేను గుంజినా," అన్నాడు అరుణ్ కుమార్. "హేమావతికి సూపిచ్చేది నేనంటే నేనని."

"నిన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

అరుణ్ కుమార్ సుత్తిని వెనక్కి దాచాడు. చివరికి మహిమే అంది. "అది సారుది గదా టీచర్. బాగు సేసి బల్ల మీద పెట్టాలనుకుంటిమి."

టీచరు ఒక రాతి అంచున కూర్చుంది. కూర్చున్నాక రాయి కాలుతోందని తెలిసింది. లేవలేదు.

"మహిమా. తొమ్మిదో ప్రశ్నకు ఏం పెట్టావు?"

సీసా సంగతి వదిలి పరీక్ష అడిగేసరికి పిల్ల తెల్లబోయింది. "మూడు టీచర్. పగులు ఉండాదేమో సూసేకి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు సెప్పేదేముండాది టీచర్? ఆ ముసలామె నీళ్లు పోసె. ఆరేదాకా దాన్నే సూస్తా నిలబడె. మళ్ల కూర్చో అనె. పగులు ల్యాకుంటేనే గదా కూర్చో అంటాది? పగిలిన రాతి మీద మనిషిని యాల కూర్చోబెడ్తాది?"

"ఎండ అని ముందే ఉంది కదా కథలో."

"ఎండ ఎప్పుడూ ఉండేదే గదా టీచర్," అన్నాడు అరుణ్ కుమార్. వాడికి అది చెప్పాల్సిన విషయంలాగే అనిపించలేదు.

ఆమె కొంచెంసేపు వాళ్ల మొహాలు చూసింది. పొద్దున చదివినప్పుడు కనిపించినదేదీ ఇప్పుడు వాటిలో లేదు.

"చూపించు," అంది.

మహిమ సీసా మూత తీసింది. ఒక నాపరాయిని పడుకోబెట్టి, దాని మీద ఈ చివరినుంచి ఆ చివరికి నీళ్లు పలచగా పారేటట్టు పోసింది. బూడిదరంగు రాయి ఒక్కసారిగా నల్లబడింది. పిల్లలంతా వంగారు. ఎండకు నీళ్లు అంచులనుంచి ఆరుకుంటూ వచ్చాయి. రాయి మళ్లీ తెల్లబడుతోంది.

"అదో," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"ఎక్కడ?" అంది టీచరు.

"ఈడ టీచర్, ఈడ." మహిమ వేలు తాకీ తాకకుండా చూపించింది. రాయంతా ఆరిపోయినా ఒక్కచోట వెంట్రుకంత సన్నని తడి గీత ఆరకుండా మిగిలింది. మూలనుంచి బయలుదేరి సగందాకా వచ్చి ఆగింది. "పగులు తాగిన నీళ్లు తొందరగ ఆరవు. సారు అట్ల సెప్తుండె. ఈ రాయి లారీకి పనికి రాదు."

"టీచర్ ఆఖర్న సూసె," అని ఒకడు గొణిగాడు. "టీచర్‌కు ఉండ లేదు."

"ఏం ఉండ?"

"శనక్కాయల ఉండ టీచర్. ముందు సూసినోళ్లకు సారు ఇస్తుండె. రోజూ దీనికే వస్తుండె." అరుణ్ కుమార్ మహిమ వైపు చూపించాడు. "మాకు మిగల్నిచ్చేదే కాదు."

రెజీనా టీచరు ఆ తడి గీతనే చూస్తూ ఉంది. వసంతకుమార్ చొక్కాలు ఉతకబోయేముందు జేబుల్లో బెల్లం జిగురంటిన కాగితాలు దొరికేవి. ఆయనకు షుగరు. దొంగతనంగా తింటున్నావని ఎన్నిసార్లు పోట్లాడిందో. ఆయన నవ్వి ఊరుకునేవాడు తప్ప, నేను కాదు తినేది అని ఒక్కసారీ అనలేదు. అన్నా నమ్మేది కాదేమో.

గీత కూడా ఆరిపోయింది. ఇప్పుడు ఆ రాయికీ మంచి రాయికీ తేడా లేదు.

సీసా తీసుకుని ఆమె బడికి తిరిగి వచ్చి, ఆఫీసు గదిలోంచి ఉమామహేశ్వర సారుకు ఫోను చేసింది. జరిగింది చెప్పింది. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"రిపోర్టు పొద్దుననే పంపించినా మేడం. మీరు చెప్పిందే రాసినా."

"నేను చెప్పింది నిజమే సార్. సగం చెప్పాను. ఆ పిల్లను లేపింది నేనే."

"రాసివ్వండి. పంపిస్తా. కానీ మేడం, రాళ్లంటారు, నీళ్లంటారు. పైన కూర్చున్నోళ్లకు ఇది ఎంత నమ్మేట్లు ఉంటుందో మీరే చెప్పండి."

ఆమె రాసిచ్చింది. ఒక్క మాట ఎక్కువ లేకుండా, తక్కువ లేకుండా. మహిమను లేపింది తానని మొదటి వాక్యంలోనే పెట్టింది. జవాబు రాలేదు.

నెల తిరిగేలోపల గురుకులం జాబితా వచ్చింది. మహిమ పేరు ఉంది. పక్కన 'విచారణలో' అని ఉంది.

ఆ ఆదివారం చర్చి వదిలాక, ఈస్టరుకు ముందు చేసే శ్రమకాలపు ప్రార్థనలు అయి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా విశ్వాసమ్మ టీచరు దగ్గరకు వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మా పాప పేరు యాల నిలిపినారు టీచరమ్మా? ఎవరో సెప్పినారంట గదా పరీక్షలో లేసింది అని?"

"చెప్పారు," అంది టీచరు.

"ఆ మగ్గమోళ్ల పాపేనంట. పిల్లోళ్లు అంటాండారు. ఆ పాప జవాబు ఒక్కటే వేరేనంట, అందరూ నగినారని కోపంతో సెప్పిందంట. ఆ పాపతో ఎవరూ మాట్లాడరు ఇప్పుడు."

"హేమావతి కాదు విశ్వాసమ్మా."

"మీకు గట్టిగా తెల్సునా?"

"తెలుసు."

విశ్వాసమ్మ ఆమె మొహంలోకి చూసింది. రాళ్ల పనిలో ఉన్న మనిషి, చూడడం తెలిసిన మనిషి. మరెవరని మాత్రం అడగలేదు. "మీరు అంటే సరే" అని, చెప్పులు కాళ్లకు తొడుక్కుని వెళ్లిపోయింది.

సోమవారం తరగతిలో సీసా బల్ల మీదే ఉంది. సొట్ట సగం పోయింది, సగం ఉంది. హేమావతిని రెజీనా టీచరు ముందు బెంచీలో మహిమ పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం ఉంది. తొమ్మిదో ప్రశ్నకు సరైన జవాబు ఏదని అరుణ్ కుమార్ లేచి అడిగాడు. రెండు అని ఆమె చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. వాళ్లు నమ్మలేదు, కానీ రాసుకున్నారు.

మహిమ పేరు చెప్పింది తానేనని ఆమె ఇంకా మహిమకు చెప్పలేదు.